కారు సర్వీసు మీమాంస

శాస్త్రావశ్యకత

మన పూర్వులు శాస్త్రం రాయకుండా వదిలిన వాహనం లేదు. ఏనుగు జబ్బులకు పాలకాప్యుడి పేర హస్త్యాయుర్వేదం ఉంది. గుర్రాల సంగతికి శాలిహోత్రుడి పేర సంహిత ఉంది. బల్లి భుజం మీద పడితే ఏమవుతుందో, అది కుడిభుజమా ఎడమభుజమా అన్నదాన్ని బట్టి ఫలితం ఎలా మారుతుందో పంచాంగంలో వివరంగా దొరుకుతుంది. కానీ కారు కొని, పదివేల కిలోమీటర్లు తిప్పి, "దీన్నిప్పుడు కంపెనీ సర్వీసుకిద్దామా, బయట మేస్త్రీకిద్దామా" అని నిద్రపట్టక దొర్లే గృహస్థుకు మాత్రం ఏ గ్రంథమూ లేదు. లిఫ్టులో కలిసిన పక్క ఫ్లాటాయన చెప్పిందే అతనికి శ్రుతి, మామగారు చెప్పిందే స్మృతి. ఆ రెండూ ఎన్నడూ ఏకీభవించవు. ఈ లోటు తీర్చడానికే ఈ మీమాంస.

ఏ శాస్త్రానికైనా మొదట నాలుగు సంగతులు చెప్పడం ఆచారం. విషయం: కారును ఎవరి చేతిలో పెట్టాలి. ప్రయోజనం: డబ్బు మిగలడం కాదు, అది ఎవరివల్లా కాదు, పోయిన డబ్బు ఎందుకు పోయిందో తెలియడం. సంబంధం: జేబుకూ బిల్లుకూ ఉన్న సంబంధమే. అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: సొంత కారు ఉండి, సొంతంగా నడుపుకుంటూ, ఈఎంఐ ఇంకా కడుతున్నవాడు. డ్రైవరును పెట్టుకున్నవాడు అనధికారి. అతని కారు ఎక్కడ సర్వీసు కావాలో డ్రైవరు ఎప్పుడో నిర్ణయించేశాడు.

పూర్వచరిత్ర

అంబాసిడరూ ఫియటూ తిరిగిన కృతయుగంలో ఈ ప్రశ్నే పుట్టలేదు. బానెట్ ఎత్తితే ఇంజను మొత్తం కనబడేది, పక్కన మనిషి చెయ్యి దూర్చడానికి చోటుండేది. మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, గుప్పెడు కాటన్ వేస్టు ఉన్నవాడల్లా మేస్త్రీయే. కార్బురేటరు విప్పి, జెట్టులో నోటితో ఊది, మళ్ళీ బిగించి, "ఇప్పుడు కొట్టండి సెల్ఫు" అంటే బండి కదిలేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల పక్కనే కార్లకూ దిక్కు దొరికేది.

1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కింది. ఇంజను 796 సీసీ. అది చిన్నకారే గానీ దాని వెనకాలే పెద్ద మార్పు వచ్చింది. కంపెనీ పేరు బోర్డు, టైల్స్ పరిచిన నేల, యూనిఫారం వేసుకున్న మెకానిక్కులు, కూర్చోడానికి సోఫాలు. అయినా 800 బానెట్ కింద ఉన్నది కార్బురేటరే కాబట్టి షెడ్డు మేస్త్రీకి దాని గుట్టు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. తర్వాత కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. దానికి కంప్యూటరు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చి పొగగొట్టంలో కూడా సెన్సర్లు పెంచింది. ఒక్కొక్క సెన్సరు వచ్చినప్పుడల్లా కారు షెడ్డుకు ఒక్కొక్క అడుగు దూరం జరిగి షోరూమ్‌కు దగ్గరైంది.

2014ను ఈ శాస్త్రంలో యుగసంధిగా లెక్కిస్తాం. ఆ ఏడాది జనానికి రాష్ట్రం రెండవడమే గుర్తుంది. శాస్త్రకారులకు మాత్రం మరో నాలుగు సంగతులు గుర్తున్నాయి. జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. జూన్‌లో దేవా కట్టా తీసిన 'ఆటోనగర్ సూర్య' విడుదలై, స్పానరు పట్టినవాడు సినిమాహాల్లో హీరో అయ్యాడు. ఆగస్టులో అదే స్పానరు పట్టినవాడి పక్షాన ఢిల్లీలో ఒక తీర్పు వచ్చింది. దాని సంగతి ధర్మప్రకరణంలో చూద్దాం.

పూర్వపక్షం: షోరూమ్ మతం

ఈ మతంవారి దృష్టిలో కారు అన్నది కంపెనీ సృష్టి, కాబట్టి దాని మర్మం కంపెనీకే తెలుస్తుంది. వీరికి ఆప్తవాక్యమే ప్రమాణం. కంపెనీ చెప్పింది, సిస్టమ్ చూపించింది, అంతే.

ఆచారకాండ ఇలా ఉంటుంది. ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర బండి ఆపగానే సర్వీస్ అడ్వైజరు ట్యాబ్ పట్టుకుని ఎదురొస్తాడు. "గుడ్ మార్నింగ్ సార్" అని ప్రదక్షిణం మొదలుపెడతాడు. ముందు బంపరు మీద గీత, ఎడమ తలుపు మీద సొట్ట, వెనక టైరు పక్కన రాపిడి: అన్నిటికీ ఫొటోలు. తర్వాత పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఫొటో, కిలోమీటర్ల రీడింగు ఫొటో. మీ కారు మీద ఇన్ని గీతలున్నాయని మీకు మొదటిసారి తెలిసేది అప్పుడే. అప్పుడు జాబ్ కార్డు తెరుచుకుంటుంది.

"సార్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ చేయిద్దామా?"

"అదేమిటండీ?"

"మైలేజీ వస్తుంది సార్."

"సరే."

"ఏసీ డిసిన్ఫెక్షను? పిల్లలుంటారు కదా సార్."

పిల్లల మాట వచ్చాక కాదనే తండ్రి తెలుగునాట ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత ఇంజన్ డ్రెస్సింగ్, అంటే బానెట్ ఎత్తితే తప్ప ఎవరికీ కనబడని ఇంజనుకు మెరుగు పెట్టడం. ఆ తర్వాత వైర్లను ఎలుకలు కొరకకుండా స్ప్రే. కారు కొన్న రోజున వినాయకుడి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి పూజ చేయిస్తాం. ఏడాది తిరక్కుండా ఆయన వాహనం మన వాహనాన్ని కొరకకుండా డబ్బు కడతాం. ఇందులో ఏ వైరుధ్యమూ లేదని ఈ మతంవారి సిద్ధాంతం.

'ఫ్రీ సర్వీసు' అన్న అంశం మీద ఈ మతంలో పెద్ద భాష్యమే ఉంది. మారుతికయితే 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర మూడు ఫ్రీ సర్వీసులు. ఫ్రీ అయింది కూలి ఒక్కటే. ఆయిలూ, ఫిల్టరూ, డ్రెయిన్ బోల్టు కింద వేసే వాషరూ ఫ్రీ కాదు. మొదటిసారి ఫ్రీ సర్వీసుకు వెళ్ళి బిల్లు చూసిన యజమాని ముఖంలో కనబడే రసం అద్భుతమా, బీభత్సమా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయముంది.

బిల్లు గురించి ఒక మాట. షోరూమ్ బిల్లు మూడు పేజీలుంటుంది, దశాంశ స్థానాలతో. ఆయిలు మూడున్నర లీటర్లయితే 3.5 అనే పడుతుంది. దానికింద గుడ్డముక్కకూ, గ్రీజుకూ 'కన్స్యూమబుల్స్' పేర ఒక వరస. చివర జీఎస్టీ. విడిభాగాల మీద 28 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. కూలి మీద ముందు నుంచీ 18. ఇంత లెక్క చదివి అర్థం చేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే చదవకుండా కార్డు గీకుతారు.

పూర్వపక్షమని వీరి బలాన్ని తక్కువ చేయకూడదు. వారంటీలో ఉన్న పార్టు పోతే కొత్తది ఉచితంగా వేసేది వీరే. తయారీ లోపమున్నట్టు తేలి కంపెనీ రీకాల్ ప్రకటిస్తే ఆ కబురు వీరి సిస్టమ్‌కే వస్తుంది, ఆ పని ఊరికే చేస్తారు. మేస్త్రీకి ఆ ఉత్తరం రాదు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ లాంటి చోట్ల కంపెనీ సాఫ్ట్‌వేరు, కంపెనీ స్కానరు లేనిదే చెయ్యి పెట్టకూడదు. కారు అమ్మేటప్పుడు సర్వీసు రికార్డు మొత్తం కంప్యూటర్లో కనబడితే కొనేవాడు రెండు రాళ్ళు ఎక్కువే ఇస్తాడు.

ఆచారకాండ చివర ఫీడ్‌బ్యాక్ అనే క్రతువు ఉంటుంది. "సార్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది. పదికి పది ఇవ్వండి సార్. తొమ్మిదిచ్చినా నాకు మైనస్సే" అని అడ్వైజరు చేతులు జోడిస్తాడు. ఎదుటివాడి జీతం పోతుందంటే తెలుగువాడు పది కాదు, పదకొండు ఇమ్మన్నా ఇస్తాడు. ఈ కారణంగా దేశంలో ప్రతి సర్వీస్ సెంటరూ పదికి పదే. ఆ మార్కులతో తెలిసేది అడ్వైజరు ఎంత బాగా బతిమాలాడన్నదే.

ఉత్తరపక్షం: షెడ్డు మతం

వీరికి పుస్తకం ప్రమాణం కాదు. ప్రత్యక్షం, అనుమానం, ఈ రెండే. తార్కికులు కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చి, ఆ ఒక్క ఉదాహరణతో శతాబ్దాలు గడిపారు. మేస్త్రీ వారికన్నా సూక్ష్మదర్శి, అతనికి పొగ రంగు కూడా కావాలి. సైలెన్సరులోంచి నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో పోయాయి. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. దట్టంగా తెల్లపొగ వచ్చి ఎంతకీ ఆగకపోతే కూలెంటు లోపలికి దిగుతోంది, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. చలికాలం పొద్దున్నే వచ్చి రెండు నిమిషాల్లో పోయేది వట్టి ఆవిరి, దానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. ఈ చివరి వాక్యం చెప్పే మేస్త్రీ దొరికితే అతన్ని వదలకూడదు.

శబ్దపరీక్ష మరీ విశేషం. మేస్త్రీ బానెట్ ఎత్తి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటరు మీద ఆనిస్తాడు, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. "కొంచెం రేస్ చెయ్యండి సార్." మీరు యాక్సిలరేటరు తొక్కుతారు. మొన అక్కణ్ణించి వాటర్ పంపు మీదికి, అక్కణ్ణించి బెల్టు టెన్షనరు మీదికి జరుగుతుంది. మొహంలో ఏ మార్పూ ఉండదు. ఒకచోట మాత్రం కనుబొమ లేస్తుంది. "ఆపెయ్యండి. బేరింగు." అదే పని షోరూమ్‌లో 'నాయిస్ కంప్లయింట్' అని జాబ్ కార్డుకెక్కి, సాయంత్రానికి 'రోడ్ టెస్ట్ చేశాం, నార్మల్' అని తిరిగొచ్చే అవకాశం లేకపోలేదు. ఆ మోత అక్కడ ఎన్నడూ వినబడదు. గేటు దాటి మలుపు తిరగ్గానే వినబడుతుంది. దీనికి కారణం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

"ఒరేయ్ చిన్నా, పన్నెండు-పదమూడు పానా తే" అంటే పరిగెత్తుకొచ్చే కుర్రాడు ఈ మతంలో శిష్యుడు. అతనికి పుస్తకం లేదు, పరీక్ష లేదు, మొట్టికాయే పట్టా. ఇక్కడొక రహస్యం చెప్పాలి. షెడ్డు పెట్టినవాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఏదో ఒక షోరూమ్‌లో యూనిఫారం వేసుకుని పనిచేసి బయటికొచ్చినవాళ్ళే. అటు షోరూమ్‌లో చెయ్యి పెట్టేవాళ్ళలో షెడ్డులో పానా పట్టడం నేర్చుకుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కొన్ని లేత్ పనులను షోరూమ్‌వారే బయటికి పంపుతారు. అంటే రెండు మతాల గురుపరంపరా ఒకటే. తేడా చొక్కాలో ఉంది.

దోషాలు కూడా చెప్పాలి. మొదటిది, కాలం. "సాయంత్రానికి ఇచ్చేస్తా సార్" అన్నప్పుడు ఏ రోజు సాయంత్రమో మేస్త్రీ చెప్పడు, మనం అడగం. రెండోది, సర్వజ్ఞత్వం. కంప్యూటరు తప్పుపడితే వచ్చే ఇంజన్ లైటును కూడా బ్యాటరీ తీగ ఊడదీసి, పది నిమిషాలాగి తగిలించి ఆర్పేస్తాడు. లైటు ఆరింది, లోపం ఆరలేదు. మూడోది, కాగితం. ఏ ఆయిలు పోశాడో, ఎప్పుడు పోశాడో అతని జ్ఞాపకంలో ఉంటుంది, ఆ జ్ఞాపకంలోనే మరో రెండొందల కార్లుంటాయి. "బిల్లు కావాలా సార్? కావాలంటే జీఎస్టీ పడుద్ది" అంటాడు. స్పేర్ పార్ట్స్ కొట్టువాడు రాసిన చీటీ వెనకాల కూలి కలిపి గీస్తాడు. నాలుగోది అన్నిటికన్నా భయంకరం. "కూలి ఎంతయింది మేస్త్రీ?" అంటే, "మీకు తెలీదా సార్, మీ ఇష్టం" అంటాడు. షోరూమ్ మూడు పేజీల బిల్లు చూసి కూడా చలించనివాడు ఇక్కడ చెమటలు కక్కుతాడు. తక్కువిస్తే వచ్చేసారి బండి ముట్టడేమో, ఎక్కువిస్తే ఇంట్లో ఏమంటారో.

యజమాని భేదాలు

భరతముని నాట్యశాస్త్రంలో నాయికల అవస్థలు ఎనిమిదని చెప్పాడు. కారు యజమానుల అవస్థలూ సరిగ్గా ఎనిమిదే కావడం కాకతాళీయమని మేము నమ్మం. కొన్నిచోట్ల నాయకుడు కారు, కొన్నిచోట్ల మేస్త్రీ. ఈ స్వల్పభేదాన్ని అలంకారికులు మన్నించాలి.

వాసకసజ్జిక: షోరూమ్ కస్టమర్ లాంజిలో ముస్తాబై, మెషీన్ కాఫీ తాగుతూ, అద్దంలోంచి తన కారు లిఫ్టు మీద ఎప్పుడు లేస్తుందా అని చూసే యజమాని.

విరహోత్కంఠిత: ఐదింటికి ఇస్తామన్న బండి ఏడైనా రాకపోతే లాంజిలో దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటే అటూ ఇటూ తిరిగేవాడు. ఇతని ఫోను చార్జింగు కూడా అయిపోతుంది.

విప్రలబ్ధ: "పార్టు చెన్నై నుంచి బయల్దేరింది సార్, రేపొచ్చేస్తుంది" అన్న మాట నమ్మి వారం రోజులు సంకేతస్థలానికి వెళ్ళి వచ్చినవాడు.

ఖండిత: రాత్రంతా షెడ్డులో ఉన్న కారు పొద్దున ఇంటికొస్తుంది. సీటు వెనక్కి జరిగి ఉంటుంది. ఎఫ్ఎం స్టేషను మారి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎవరిదో సమోసా కాగితం. మీటరులో నలభై కిలోమీటర్లు ఎక్కువ. "ట్రయల్ వేశాం సార్" అన్న సమాధానం వింటూ ఏమీ అనలేక నిలబడినవాడు.

కలహాంతరిత: మేస్త్రీతో రెండొందల దగ్గర గొడవపడి, "నీ షెడ్డు గుమ్మం తొక్కను" అని వచ్చేసి, క్లచ్ పోయిన రోజున అతని నెంబరు వెతుక్కునేవాడు. నెంబరు 'మెకానిక్ నాగూల్' అని ఉందా, 'నాగూల్ షెడ్డు' అని ఉందా గుర్తురాదు.

ప్రోషితభర్తృక: యాక్సిడెంటై కారు బాడీషాపుకు వెళ్ళింది. ఇన్సూరెన్సు సర్వేయరు రావాలి, ఎస్టిమేటు రావాలి, అప్రూవల్ రావాలి. అన్నీ దూరదేశాల్లో ఉన్నాయి. యజమాని ఆటోలో ఆఫీసుకు వెళ్తూ రోజులు లెక్కపెట్టుకుంటాడు.

అభిసారిక: వారంటీలో ఉండగానే చీకటిపడ్డాక ఎవరూ చూడకుండా షెడ్డుకు వెళ్ళేవాడు. ఎక్స్‌ట్రా లైట్లు, అడవిని లేపే హారను, రివర్స్ కెమెరా. వైరు కోసి కలిపినచోట ఎలక్ట్రికల్ వారంటీకి ముప్పుందని ఇతనికి తెలుసు. తెలిసే వెళ్తాడు. రసం అక్కడే ఉంది.

స్వాధీనపతిక: ఫోను చేస్తే మేస్త్రీయే బండేసుకుని ఇంటికొచ్చి, బానెట్ ఎత్తి, పని చేసి, టీ తాగి వెళ్తాడు. ఈ అవస్థ పొందినవారు బహు స్వల్పం. పొందినవారు మేస్త్రీ నెంబరు తోబుట్టువులకు కూడా చెప్పరు.

విడిభాగ విచారం

పార్టులు నాలుగు జాతులు: కంపెనీ డబ్బాలో వచ్చేది, తయారుదారు సొంత డబ్బాలో వచ్చేది, లోకల్‌ది, డూప్లికేటు. మొదటి రెండింటికీ భేదం చాలాసార్లు డబ్బాదే. కార్ల కంపెనీలు తమ బండిలోని ప్రతి వస్తువునూ తామే తయారుచేయవు. స్పార్కు ప్లగ్గు, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టరు, బేరింగు వేరే వేరే ఫ్యాక్టరీల నుంచి వస్తాయి. అదే వస్తువు కారు కంపెనీ డబ్బాలోకి దిగితే ఒక ధర, బాష్ లాంటి తయారుదారు సొంత డబ్బాలో దిగితే ఇంకో ధర. ఇది తెలిసినవాడు రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో కొట్టు ముందు నిలబడి, "కంపెనీ డబ్బా వద్దు, తయారుదారుది ఇవ్వండి" అంటాడు. కొట్టువాడు అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి మంచిదే తెస్తాడు.

లోకల్‌ది నిజాయితీగల జాతి. తక్కువ ధర, తక్కువ ఆయుష్షు, పేరు మార్చుకోదు. తలుపు హ్యాండిలూ, అద్దం కవరూ లాంటి వాటికి దోషం లేదు. డూప్లికేటు అలా కాదు. అది కంపెనీ డబ్బా వేసుకుని, కంపెనీ హోలోగ్రామ్‌లాంటిది అంటించుకుని, కంపెనీ ధరకు వస్తుంది. బ్రేకు ప్యాడుగా వచ్చినప్పుడు ప్రాణాంతకం. ప్రాయశ్చిత్తం లేని దోషం ఈ శాస్త్రంలో ఇదొక్కటే.

ధర్మప్రకరణం

ఇక ఢిల్లీ తీర్పు. కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఏం చేశారని? అసలు పార్టులనూ, లోపం పట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేశారని. పార్టులు తయారుచేసే ఫ్యాక్టరీలు వాటిని బజారులో నేరుగా అమ్ముకోకుండా ఒప్పందాలు రాయించుకున్నారని. బయట ముట్టుకుంటే వారంటీ పోతుందని యజమానిని భయపెట్టారని. బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు చెల్లదనీ, బయటి రిపేరు వల్లే ఫలానా నష్టం జరిగితే ఆ మేరకే కాదనవచ్చనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో మోటారు వాహనాలొకటి.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకూ ఇదే సందేహం, డీలరా, వీధి చివర షాపా అని. అక్కడ 1975లోనే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. సర్వీసు డీలరు దగ్గరే చేయించాలన్న షరతుతో వారంటీ ముడిపెట్టడానికి వీల్లేదు. అయినా కారు కొన్న కొత్తలో అక్కడివారూ డీలరు దగ్గరికే వెళ్తారు. చట్టం ధైర్యమిస్తుంది గానీ, మామగారి మాటకున్నంత బలం చట్టానికి లేదు.

సిద్ధాంతం

ఇంతవరకూ రెండు పక్షాలూ విన్నాం. షోరూమ్ అడ్వైజరుకు నెలవారీ టార్గెట్ ఉంది. మేస్త్రీకి స్పేర్ పార్ట్స్ కొట్టులో కమీషన్ ఉంది. అడ్వైజరు మీ భయం మీద బతుకుతాడు, మేస్త్రీ మీ మొహమాటం మీద బతుకుతాడు. రెండింటికీ మూలం ఒకటే, యజమాని అజ్ఞానం. కారుతో పాటు వచ్చిన ఓనర్స్ మాన్యువల్ డ్యాష్‌బోర్డు అరలో, ఆర్‌సీ కార్డు కింద, పాత టోల్ రశీదుల మధ్య, ప్లాస్టిక్ కవరు చింపకుండా ఉంది. ఏ కిలోమీటరు దగ్గర ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో అందులో ఒక పట్టికలో ఉంది. ఏ గ్రేడు ఆయిలో, ఎన్ని లీటర్లో ఉంది. షోరూమ్‌వారు చదివి చెప్పకుండా దాచిందీ, మేస్త్రీ చదవకుండా ఊహించిందీ ఆ పుస్తకమే. కాబట్టి ఎక్కడికి వెళ్ళాలన్నది రెండో ప్రశ్న. ఏం చేయించాలన్నది మొదటి ప్రశ్న. దాని జవాబు తెలిసినవాడిని షోరూమూ మోసం చేయలేదు, షెడ్డూ మోసం చేయలేదు. ఈ సిద్ధాంతాన్ని అయిదు సూత్రాల్లో చెబుతున్నాం.

ఒకటో సూత్రం: వారంటీ ఉన్నంతకాలం షోరూమ్. భాష్యం: తీర్పు మీ వైపున ఉన్నమాట నిజమే, కానీ ఇంజను పోయిన రోజున తీర్పు కాగితం పట్టుకుని వాదించే ఓపిక మీకుండదు. అయితే పట్టికలో లేనిదాన్ని అక్కడ కూడా 'వద్దు' అనవచ్చు. ఇంజన్ డ్రెస్సింగ్ వద్దంటే వారంటీ పోదు.

రెండో సూత్రం: రీకాల్, ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, వీటికి ఎన్నేళ్ళయినా షోరూమ్. భాష్యం: స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుంటే బేరింగు మోత వినబడుతుంది. సాఫ్ట్‌వేరు లోపం వినబడదు.

మూడో సూత్రం: అరిగేవి మేస్త్రీకి. భాష్యం: వారంటీ దాటాక బ్రేకు ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, బెల్టులు, బ్యాటరీ. పార్టు మీరే కొట్టులో నిలబడి, మంచి డబ్బా చూసి కొనండి. కూలి ముందే మాట్లాడుకోండి. 'మీ ఇష్టం' అన్న మేస్త్రీని 'లేదు, నీ ఇష్టమే చెప్పు' అనండి. ఇబ్బంది ఆ ఒక్క నిమిషమే.

నాలుగో సూత్రం: కాగితం లేని పని జరగని పని. భాష్యం: షెడ్డులో చేయించినా తేదీ, కిలోమీటర్లు, ఆయిలు గ్రేడు, పార్టు పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. కారు అమ్మేరోజున అదే మీ పక్షాన సాక్ష్యం చెబుతుంది.

అయిదో సూత్రం: పాత పార్టు చూపించమని అడుగు. భాష్యం: షోరూమ్ కూడా చూపించాల్సిందే. షెడ్డులో పాత ఫిల్టర్లకు కొదవ లేదు కాబట్టి, ఇచ్చేముందు మీ ఫిల్టరు మీద పెన్నుతో ఒక సున్నా చుట్టి ఇవ్వడం ఉత్తమాధికారి లక్షణం. పట్టుకోవడం కోసం కాదు. సున్నా కనబడితే మార్చకుండా మార్చామని చెప్పే ఆలోచనే రాదు.

కరెంటు కారు కొన్నవారు తమకీ శాస్త్రం అక్కర్లేదనుకోవచ్చు. ఇంజనాయిలు లేదు, స్పార్కు ప్లగ్గు లేదు, పొగ అసలే లేదు కాబట్టి అనుమాన ప్రమాణం పనికిరాదు. కానీ టైర్లూ, బ్రేకు ఫ్లూయిడూ, ఏసీ ఫిల్టరూ, సస్పెన్షనూ ఉన్నాయి. ఎలుకలు మరీ ఉన్నాయి.

ఫలశ్రుతి

ఈ మీమాంస చదివినవారికి మైలేజీ పెరుగుతుందని గానీ, రోడ్డు గుంతలు పూడతాయని గానీ మేము మాటివ్వం. చదివి ఊరుకుంటే మాత్రం ఏ ఫలమూ లేదు. ఈ ఆదివారం కారు డ్యాష్‌బోర్డు అర తెరిచి మాన్యువల్ బయటికి తీయండి. కవరు చింపండి. మెయింటెనెన్స్ షెడ్యూలు ఉన్న పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి. షోరూమ్ కౌంటరు దగ్గరయినా, షెడ్డు బెంచీ మీదయినా ఆ ఫొటో ముందుపెట్టి, "ఇందులో ఉన్నవి చెయ్యండి, లేనిది ఏదైనా చేసేముందు నాకు ఫోన్ చెయ్యండి" అనండి. సర్వీసు ఎక్కడ చేయించాలో ఆ తర్వాత మీకే తెలుస్తుంది.